కాగితం మీద చెల్లెలు

"కడిగి ఉప్పూ పసుపూ రాసిన చేపని ఎవరైనా పక్కన పెట్టుకుని చూస్తా కూచుంటారేటి? పులుసు ఇప్పుడే పెట్టాలి," అంది రామలక్ష్మి మూడోసారి.

"పెట్టొద్దని నేనన్నానా అక్కా? కడుపులో తిప్పుతుందన్నాను. పొద్దుట్నించి రెండుసార్లయ్యింది," అంది బేబి, తువ్వాలు ముక్కుకి అదుముకుని గుమ్మం దగ్గరే నిలబడి.

"కిటికీ తీస్తాను."

"తీస్తే కింద కెఫెటీరియా నూనె వాసనొస్తది. అదీ పడట్లేదు నాకు."

"చేప పడదు, నూనె పడదు. వారానికోసారొచ్చేదాన్ని, నేను పడుతున్నానో లేదో అది కూడా చెప్పీ."

"అంత మాటెందుకక్కా..."

హాల్లోంచి లోవరాజు గొంతు వినపడింది. "ఈ శుక్కురారానికి చేప మానీయవే. గుడ్లున్నాయి కదా. పప్పుచారు కాసీ."

రామలక్ష్మి గరిటె గట్టు మీద పెట్టేసింది. భర్త ఆ మాట అనడం ఆమెకి కొత్త. తను అద్లియాలో పనిచేసే ఇంట్లో వారమంతా మిగిలిన మాంసం అన్నం తినీ తినీ నోరు చచ్చిపోతుందనీ, ఈ పులుసు కోసమే ఆరు రోజులు ఎదురు చూస్తుందనీ ఆయనకి తెలుసు. ఇదివరకు ఆయనే చేప తెచ్చి పెట్టేవాడు. ఇవాళ తను యజమానుల డ్రైవర్‌ని బతిమాలి మార్కెట్‌కి వెళ్ళి తెచ్చుకుంది.

ఆమె చేప ముక్కల గిన్నె మీద మూత పెట్టి ఫ్రిజ్ తెరిచింది. లోపల అన్నీ చోట్లు మారిపోయి ఉన్నాయి. తను కిందటి వారం పెట్టిన చింతపండు గుజ్జు సీసా ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

బెహ్రయిన్‌లోని ఆ గుదైబియా ఫ్లాటులో రెండే గదులు. లోవరాజు కిందనున్న లాండ్రీలో ఇన్‌ఛార్జి. హాల్లో పడుకుంటాడు. లోపలి గదిలో బేబి ఉంటుంది. ఆమె లోవరాజు తమ్ముడు వీరబాబు భార్య. వీరబాబు కంపెనీ క్యాంపులో ఉంటూ గురువారం సాయంత్రం వచ్చి శుక్రవారం రాత్రి బస్సుకి వెళ్ళిపోతాడు. రామలక్ష్మి అద్లియాలో మామా వాళ్ళింట్లోనే ఉంటుంది. ఆమెకి శుక్రవారం పొద్దుట్నించి సాయంత్రం దాకా సెలవు. ఆరేళ్ళుగా ఆమె కాపురమంతా ఆ శుక్రవారాలే.

మామా అంటే ఇంటి యజమానురాలు, బాబా అంటే యజమాని. ఇక్కడ పనివాళ్ళు అలాగే పిలవాలి. మొదటిరోజు అలా పిలవమన్నప్పుడు, తుని వైపు మావంటే మీసాలుండాలి కదా అనుకుని రామలక్ష్మి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ రోజుల్లో ఆమెకి అన్నిటికీ నవ్వొచ్చేది. తన పాస్‌పోర్టు సంగతి తెలిసినప్పుడు కూడా నవ్వే వచ్చింది.

అది కాకినాడలో జరిగిన పొరపాటు. పాస్‌పోర్టు కాగితాలు నింపే గుమస్తా "మీ ఆయన పేరేంటమ్మా?" అని అడిగాడు. మొగుడి పేరు నోటితో చెప్పడం రామలక్ష్మి పుట్టి పెరిగిన ఇళ్ళల్లో లేదు. తోడొచ్చిన మావగారు జగ్గారావు బయట టీ తాగుతున్నాడు. ఆమె తల వంచుకుని రేషన్ కార్డు ముందుకు జరిపి దాని మీద వేలు పెట్టింది. వేలు పడిన చోట మొదటి పేరు జగ్గారావుది. "ఈయన ఇంటి పిల్లవేనా?" అన్నాడు గుమస్తా. ఆ ఇంటి పిల్లే కదా, అవునన్నట్టు తలూపింది. అతను తండ్రి పేరు దగ్గర జగ్గారావు అని రాసేశాడు. పెళ్ళయిందా లేదా అన్న చోట ఏం రాశాడో ఇంగ్లీషు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియలేదు. తీరా ఆమె బెహ్రయిన్‌లో విమానం దిగాక లోవరాజు ఆ పుస్తకం చూసి, ఎయిర్‌పోర్టులోనే పగలబడి నవ్వాడు. "ఏమ్మా చెల్లెమ్మా, ప్రయాణం బాగా జరిగిందా?" అన్నాడు. ఆమె అతని వీపు మీద ఒకటి చరిచింది.

తరవాత అదే కలిసొచ్చింది. మామా పెళ్ళయిన వాళ్ళని పనిలో పెట్టుకోదు, మొగుళ్ళు వచ్చి గేటు దగ్గర నిలబడతారని. చెల్లెలంటే సరేనంది. శుక్రవారం అన్న ఇంటికి పోతానంటే ఒప్పుకుంది. లోవరాజు మంగళవారం ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి వచ్చినప్పుడు "నీ చెల్లెలు మంచిది" అని ఓ ఖర్జూరాల డబ్బా కూడా ఇచ్చేది. బిల్డింగ్ వాచ్‌మన్ పఠాన్ ఆమెని బెహన్ అనేవాడు. కాగితం సరిచేయించాలంటే ఊరెళ్ళాలి, ఏడాది పడుతుంది, ఈ ఇల్లు పోతుంది. వచ్చే ఏడు చూద్దాం అనేవాడు లోవరాజు. ఏటా అదే మాట.

మూడేళ్ళ కిందట ఒకసారి ఆమెకి నెల తప్పింది, రూఢి అయ్యేసరికి మూడో నెల. పెళ్ళి కాని పనిమనిషి కడుపుతో ఉంటే ఈ దేశంలో జైల్లో వేస్తారు. వాళ్ళడిగే మొదటి ప్రశ్న, ఎవరు? ఆ ఎవరు కాగితం మీద అన్న. లోవరాజు రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు తెలిసిన వాళ్ళ ద్వారా మాత్రలు తెచ్చాడు. "కాగితం ఒప్పుకోదే లచ్చీ," అన్నాడు. ఆ శుక్రవారం సాయంత్రం ఆమె మామూలుగానే తిరిగి వెళ్ళి, మర్నాడు మామా ఇంట్లో ఇరవై మందికి వంట చేసింది. మళ్ళీ ఆ మాట వాళ్ళిద్దరూ ఎప్పుడూ ఎత్తుకోలేదు.

కిందటేడు లోవరాజుకి లాండ్రీలో ఇన్‌ఛార్జి పని వచ్చింది. భార్యని తెచ్చుకోవడానికి వీసా ఇస్తామన్నారు. ఉన్న భార్య చెల్లెలై కూర్చుంది. వీసా ఊరికే పోతుందనీ, బేబి వస్తే జుఫైర్ ఫ్లాట్లలో శుభ్రం చేసే పని దొరుకుతుందనీ వీరబాబు అడిగాడు. బేబి పాస్‌పోర్టులో భర్త పేరు లోవరాజు అని రాయించారు. రామలక్ష్మే సరేనంది. ఆ మాట ఇప్పుడు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు, ఆమెకే గుర్తుంది.

బేబి తప్పు పట్టదగ్గ పిల్ల కాదు. బావగారు హాల్లోకి వస్తే లేచి లోపలికి పోతుంది. ఆయన ఎదుట మంచం మీద కూడా కూర్చోదు. అన్నం కూడా గుమ్మం అవతల నుంచే వడ్డిస్తుంది. అలాంటిది వాచ్‌మన్ పఠాన్ "భాభీ, లోవరాజు భాయ్ ఉన్నాడా?" అని అడిగితే, ఏం చెప్పాలో తెలియక తలుపేసేసుకునేది. అది తలుచుకుని మొదట్లో నలుగురూ నవ్వుకునేవాళ్ళు.

ఇప్పుడామెకి నాలుగో నెల.

వీరబాబు కమలాపళ్ళ సంచితో బజారు నుంచి వచ్చేసరికి పప్పుచారు తయారైంది. నలుగురూ తింటుండగా రామలక్ష్మి అడిగింది.

"బేబికి టిక్కెట్టు ఎప్పుడు తీస్తున్నారు? ఆరో నెల వచ్చీలోపల పంపీయాలనుకున్నాం కదా."

అది నలుగురూ కలిసి అనుకున్నదే. బేబి ఊరెళ్ళి కంటే బిడ్డ వీరబాబు బిడ్డగానే ఉంటుంది. ఇక్కడ కంటే కాగితం మీద లోవరాజు బిడ్డ అవుతుంది. తరవాత ఎన్ని కార్యాలయాల చుట్టూ తిరిగినా ఆ రాత పోదు.

"చూద్దాం," అన్నాడు లోవరాజు పప్పులో వేలు తిప్పుతూ. "ఎండలు కదా. ఈ టైంలో ప్రయాణం మంచిది కాదంటున్నారు."

"ఎవరు?"

"అందరూను."

వీరబాబు ఇంకాస్త పప్పుచారు పోసుకున్నాడు. గుమ్మం అవతల బేబి గాజులు చప్పుడయ్యాయి.

సోమవారం మామా రామలక్ష్మిని హాల్లోకి పిలిచింది. బల్ల మీద బంగారు రంగు కాగితం చుట్టిన స్వీట్ల పెట్టె ఉంది.

"మబ్రూక్! నీ అన్నకి బిడ్డ పుడుతోందట కదా. నువ్వు చెప్పలేదేం?" అంది మామా, వచ్చీరాని హిందీలో.

"ఎవరు చెప్పారు మామా?"

"అతనే. కిందటి మంగళవారం. ఎంత సంతోషంగా ఉన్నాడో! బాబాకి కూడా చెప్పాడు. బాబా చెయ్యి కలిపి అభినందించాడు. ఇది అతనికివ్వు. రేపు ఆసుపత్రికి వదినని తీసుకెళ్ళాలటగా? వెళ్ళు, నేను సెలవిస్తాను. మేనత్త పక్కనుండాలి."

రామలక్ష్మి పెట్టె అందుకుంది. వంటింట్లోకి వచ్చి దాన్ని గట్టు మీద పెట్టి, గిన్నెలు తోముతూ ఆలోచించింది. పఠాన్‌కి చెప్పక తప్పదు, మెట్ల మీద రోజూ చూస్తాడు. లాండ్రీ యజమానికి చెప్పక తప్పదు, ఆసుపత్రి కాగితం అతనివ్వాలి. మామాకి చెప్పాల్సిన పని ఏముంది? ఎవరడిగారు? తను పనిచేసే ఇంటికే వచ్చి, తను లోపల ఉల్లిపాయలు తరుగుతుండగా, వరండాలో నిలబడి నా బిడ్డ అని చెప్పి, చెయ్యి కలిపించుకుని వెళ్ళాడు. అవసరం కోసం ఆడిన అబద్ధాలు ఆమెకి తెలుసు. ఆరేళ్ళుగా ఆడుతూనే ఉంది. ఇది అలాంటిది కాదు.

మర్నాడు ఆసుపత్రిలో నలుగురూ కలిశారు. వీరబాబు క్యాంపులో జ్వరమని చెప్పి డ్యూటీ మానేసి వచ్చాడు. కౌంటర్ దగ్గర కేరళ నర్సు కార్డు ముందేసుకుని హిందీలో అడిగింది.

"పేరు?"

"బేబి."

నర్సు నవ్వింది. "బేబికి బేబీయా? సరే. భర్త పేరు?"

బేబి తోడికోడలి వైపు చూసింది. మొగుడి పేరే చెప్పని పిల్ల, బావగారి పేరు మొగుడిదని ఎలా చెబుతుంది? తోడికోడలి వైపు చూసింది.

"లోవరాజు," అంది రామలక్ష్మి.

"నువ్వెవరు?"

"ఆయన చెల్లెల్ని."

పెళ్ళాంగా ఎన్నడూ పలకని పేరు చెల్లెలిగా నోటికి అలవాటైపోయింది. మామా దగ్గర, పఠాన్ దగ్గర, బజార్లో, ఎక్కడైనా సరే ఇప్పుడు తడుముకోకుండా వస్తుంది.

స్కానింగ్ గది ముందు ఇంకో నర్సు చెయ్యి అడ్డం పెట్టింది. "అందరూ వద్దు. హస్బెండ్ ఒక్కరే."

నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వీరబాబు ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. నర్సు కార్డు చూసి "లోవరాజు ఎవరు?" అంది. లోవరాజు చొక్కా సర్దుకున్నాడు.

"నేనే," అన్నాడు.

బేబి మొహం తెల్లబోయింది. "అక్కా..." అంది చిన్నగా. ఇంతలో నర్సు ఆమె జబ్బ పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. వెనకాల లోవరాజు వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

బయట బెంచీ మీద రామలక్ష్మీ వీరబాబూ కూర్చున్నారు. అతని ఒళ్ళో బేబి చెప్పులున్న ప్లాస్టిక్ సంచి ఉంది. దాన్ని మడిచి విప్పుతున్నాడు.

"ఎవరైనా అడిగితే నేనెవర్నని చెప్పాలొదినా?"

"బాబాయ్‌వి."

"రేపు పుట్టీవాడు నన్ను బాబాయ్ అనే పిలుస్తాడంటావా?"

"ఇంట్లో నాన్నంటాడు, బయట బాబాయంటాడు. నేర్పుకోండి. మేం నేర్చుకోలేదేటి?"

అతను సంచిని మళ్ళీ మడిచాడు. తరవాత సంచి కేసి చూస్తూ అన్నాడు. "అన్నయ్య టిక్కెట్టు తియ్యడొదినా. నాకు తెలిసిపోయింది. ఈ వీసా ఇప్పించింది తనే. నేనెలా అడగను?"

"నీ బిడ్డరా."

"నీ మొగుడు కదొదినా. నువ్వడుగు."

ఎదురుగా గోడ మీద అరబిక్‌లో ఏదో రాసి ఉంది. కింద తల్లీ బిడ్డా బొమ్మ.

తలుపు తెరుచుకుంది. ముందు బేబి వచ్చింది, ఏడ్చిన కళ్ళతో, తిన్నగా వచ్చి మొగుడి పక్కన కూర్చుని చెప్పులు తొడుక్కుంది. లోవరాజు ఇంకో నిమిషానికి వచ్చాడు. అతని కళ్ళు కూడా తడిగా ఉన్నాయి.

"గోడకేసి తిరిగే నించున్నానే," అన్నాడు రామలక్ష్మిని పక్కకి తీసుకెళ్ళి. "ఒట్టు. ఏం చూడలేదు. చప్పుడు మాత్రం విన్నాను. గుండె లచ్చీ! గుర్రం పరిగెడుతున్నట్టు కొట్టుకుంటంది."

అతను నవ్వుతున్నాడు. పెళ్ళైన పదేళ్ళలో ఆ నవ్వు ఆమె చూడలేదు. చూసే సందర్భం కాగితం రానివ్వలేదు.

"ఎన్నో నెల నించి కొట్టుకుంటదంట?" అంది ఆమె.

"ఏటి?"

"గుండె. మూడో నెలకే కొట్టుకుంటదంటా? డాక్టరమ్మ చెప్పిందా?"

లోవరాజు నవ్వు ఆగిపోయింది. ఆమె అడుగుతున్నది ఏ గుండె గురించో అర్థమైంది. వెళ్ళి మందుల కౌంటర్ దగ్గర వరసలో నిలబడ్డాడు.

ఆమె ఆటో లేని ఆ ఊళ్ళో మండుటెండలో అద్లియా దాకా నడిచే వెళ్ళింది. దారిలో ఒక కారు కూడా ఆమె కోసం ఆగలేదు, ఆమె చెయ్యి ఎత్తలేదు కూడా.

శుక్రవారం ఆమె చేప తేలేదు. వచ్చి, బియ్యం కడిగి, బేబి అడిగిన నిమ్మకాయ పులిహోర చేసింది. బేబి పక్కనే నిలబడి కరివేపాకు అందిస్తూ, "అక్కా, నామీద కోపమా?" అంది.

"నీ మీదెందుకే?"

"మా ఆయన్ని అడగమంటే అన్నయ్యకి ఎదురు చెప్పనంటున్నాడు. నేనెళ్ళిపోతానక్కా మా అమ్మ దగ్గిరికి. నువ్వు చెప్పు బావగారికి."

"నేను చెబితే వినే మనిషా ఆయన, మీరు చెబితే వినే మనిషా?" అంది రామలక్ష్మి. "ఆ పల్లీలు ఇలా అందుకో."

అందరూ చాప మీద కూర్చున్నారు. బేబి ఎప్పటిలా గుమ్మం అవతల పీట వేసుకుంది. మామా ఇచ్చిన స్వీట్ల పెట్టె మధ్యలో ఉంది, ఎవరూ కాగితం విప్పలేదు. లోవరాజు గొంతు సవరించుకున్నాడు.

"టిక్కెట్టు సంగతి. నేను బాగా ఆలోచించాను. పురుడు ఇక్కడే పోసుకోనిద్దాం. ఆసుపత్రి బాగుంది. ఊళ్ళో మంత్రసాని చేతుల్లో పెట్టడం కన్నా నయం. పేరుదేముంది? రాత ఎలాగున్నా రక్తం ఆడిదే కదా. మన ఇంటి బిడ్డ." తమ్ముడి వైపు తిరిగాడు. "ఏరా, నీకేమైనా ఇబ్బందా?"

వీరబాబు పులిహోర ముద్ద పళ్ళెంలోనే వదిలేశాడు. "నీ ఇష్టం అన్నయ్యా," అన్నాడు.

"మరి నా కాగితం?" అంది రామలక్ష్మి.

"నీది వచ్చే ఏడు చూద్దాం. ఈ పురుడు గట్టెక్కనీ. ఇప్పుడు అన్నీ ఒకేసారి కదిపితే ఎవరో ఒకరికి అనుమానం వస్తది."

"బేబిని పంపీసి, ఆ చోట్లో నన్ను పెట్టుకోవచ్చు కదా?"

"పంపీడమేటే, కడుపుతో ఉన్నదాన్ని? నీకేం పోయింది? ఇన్నాళ్ళు జరిగింది, ఇంకో రెండేళ్ళు జరగదా?"

రామలక్ష్మి పులిహోర గిన్నె అందుకుంది. వీరబాబు పళ్ళెంలో ఇంకో గరిటె వడ్డించింది. గుమ్మం అవతలకి గిన్నె జరిపింది. భర్తకి మంచినీళ్ళు పోసింది. తన పళ్ళెం ముందు కూర్చుని, ఎవరి వైపూ ప్రత్యేకంగా చూడకుండా, బజారు నుంచి ఏం తేవాలో చెప్పే గొంతుతో చెప్పింది.

"నిన్న మామా దగ్గర పాస్‌పోర్టు అడిగాను. ఊళ్ళో పెళ్ళి కుదిరింది, లెక్క చూసి ఖలాస్ చేసి పంపీమన్నాను. ఎవరతను అని అడిగింది. మా మావ కొడుకు అని చెప్పాను. మంచిదేనంది. పట్టుచీర కొనుక్కోమంది."

లోవరాజు చేతిలో గ్లాసు కింద పెట్టాడు. "ఎవర్నడిగి చేశావే ఇదంతా?"

"ఎవర్నీ అడగలేదు. బుధవారం విమానం. బొంబాయిలో దిగి రైలెక్కుతాను. కాకినాడ వెళ్ళి మా నాన్న పేరు రాయించుకుంటాను ముందు. ఇక్కడికి మళ్ళీ రాను."

"అక్కా," అంది బేబి గుమ్మం అవతల నుంచి.

"నువ్వు తినవే, చల్లారిపోతుంది." ఆమె ఒక ముద్ద కలుపుకుంది. "నాకు ముప్పై నాలుగేళ్ళు. ఏడాది చూస్తాను. ఈలోపు మీరు ఊరొస్తే కాపురం చేసుకుందాం, బాబునో పాపనో కందాం. రాకపోతే నా దారి నేను చూసుకుంటాను. అది మీకు ఉత్తరం రాసి చెప్పడం నాకు చేతకాదు, అందుకే అందరి ముందూ చెబుతున్నాను."